వారమున కొక సూది

గడచిన మాసమున మాకు చేరిన యుత్తరములలో నొకటి మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది. వ్రాసిన సోదరి పెద్దకుమార్తెకు 26 సంవత్సరములు, వివాహమై రెండేండ్లయినది. చేతివ్రేళ్ళ కణుపులు వాచి, ఉదయమున లేచిన పిమ్మట గంటసేపు పిడికిలి ముడుచుటయే శక్యము గాక బాధపడుచుండగా, తుదకు రుమటాయిడు కీళ్ళవాతమని తేలినదట. వైద్యులు మెథోట్రెక్సేటు అను సూదిమందును వారమున కొకమారు పొట్ట చర్మము క్రింద వేసికొనుమని వ్రాసియిచ్చిరి. “ఇది క్యాన్సరు మందని ఇరుగుపొరుగువారనుచున్నారు. జుట్టు రాలునట, కాలేయము చెడునట, చిన్న జ్వరము వచ్చినను తట్టుకొనలేరట. అత్తవారికి ఈ సంగతి తెలియనీయలేదు. మానిపింపవచ్చునా?” అని యామె యడుగుచున్నది. ఉత్తరము చివర మఱియొక చిన్న ప్రశ్నయు కలదు. దానికి తరువాత వత్తుము.

మేము వైద్యులము కాము. మందు వేసికొమ్మనుటయు, మానుమనుటయు మా యధికారములోనివి కావు. కాని యీ మందునుగూర్చి చదివి తెలిసికొన్నదియు, దీనిని వాడుచున్న స్త్రీల నోట విన్నదియు కొంత కలదు. ఈ వ్యాధి పురుషులకన్న స్త్రీలకు రెండు మూడు రెట్లధికముగా వచ్చుచున్నది గనుక, మా పాఠకురాండ్ర యిండ్లలో ఈ సూదిమందు చేరినవి మఱికొన్ని యుండకపోవు. అందఱికిని ఉపయోగపడునని ఇచ్చట వ్రాయుచున్నాము.

శరీరమును కాపాడవలసిన రక్షకశక్తియే పొరబడి తన కీళ్ళమీదనే తిరుగబడుట ఈ వ్యాధి స్వభావము. కోటకు కావలియున్న సైన్యమే కోటలోని యిండ్లను కొల్లగొట్టిన చందము. నొప్పిమాత్రలు నొప్పి నణచునే గాని యా కొల్లను పూర్తిగా నాపజాలవు. ఉపేక్షించినచో ఎముకల యంచులు తినివేయబడి వ్రేళ్ళు వంకరపోవును; అట్లు పోయిన వ్రేళ్ళు మందులతో తిరిగి చక్కబడవు. కూర తరుగుట, జడ వేయుట, పసిబిడ్డ నెత్తుకొనుట యన్నియు వ్రేళ్ళతోడి పనులే కదా! కావున మందువలని కీడును తూచునప్పుడు, మందు మానినచో కలుగు కీడును రెండవ తట్టలో నుంచియే తూచవలయును. ఆ సైన్యమును కొంత యణచుటకే ఈ సూది. అణచినప్పుడు బయటి శత్రువు నెదుర్కొను బలముగూడ కొంత తగ్గును. ఈ మందు మేలును కీడును ఒక్కచోటనుండియే పుట్టుచున్నవి.

ఇక “క్యాన్సరు మందు” అను మాట. అది యబద్ధము కాదు. పూర్తిగా నిజమును కాదు. ఈ మందు పుట్టుకలో మన తెలుగువాని చేయి యున్నదని యెంతమంది యెఱుగుదురో! 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమునను మద్రాసునను చదువుకొని, 1923లో అమెరికా చేరిన యెల్లాప్రగడ సుబ్బారావుగారే ఆయన. యౌవనమున వారి సోదరులు గ్రహణివ్యాధితో మరణించిరి. వారికిని అదియే సోకగా ఆయుర్వేదవైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో బ్రదికిరి. (ఆ లక్ష్మీపతిగారి భార్యయే 1946లో మద్రాసు రాష్ట్రమున ఆరోగ్యశాఖ మంత్రిణియైన రుక్మిణీ లక్ష్మీపతిగారు. మన పత్రికలో ఆ మాట చెప్పక విడుచుటకు మనసొప్పలేదు.) సుబ్బారావుగారు పిమ్మట లెడర్లీ పరిశోధనశాలలో తమ బృందముతో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా చేయు మార్గమును 1945 నాటికి సాధించిరి. ఆ గ్రహణికిని, గర్భిణుల కొకవిధమగు రక్తహీనతకును ఈ ఆమ్లమే మందు. లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, నూలుమిల్లుల స్త్రీలకు గర్భకాలమున వచ్చు రక్తహీనతను పరిశోధించుటతోనే దీని జాడ మొదట తెలిసినది. ఆకు అను నర్థముగల లాటిను మాటనుండి దీనికి 1941లో పేరు పెట్టిరి. ఏలయన దానిని పాలకూరనుండి తీసిరి.

ఆ బృందమువారే ఫోలిక్ ఆమ్లమును పోలినట్లుండి దాని పనిని చేయనీయని పదార్థములనుగూడ తయారుచేసిరి. తాళములో దూరి తిరుగక యిరుక్కొనిపోవు కపటపు తాళపుచెవివంటివి యవి. కణము వృద్ధిపొందవలెనన్న ఫోలిక్ ఆమ్లము కావలెను. కపటపుచెవి అడ్డుపడినచో వృద్ధి యాగును. అందొకదానిని బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి కొందఱికి తాత్కాలికముగా నిమ్మళించినదని 1948లో ప్రకటించెను. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి. మెథోట్రెక్సేటు దానికి చెల్లెలు. కీళ్ళవాతమున ఈ జాతి మందు 1951లో మొదటిసారి ప్రయత్నింపబడినను, ఆ వ్యాధికి మెథోట్రెక్సేటును అమెరికా ప్రభుత్వమంగీకరించుటకు 1988 వఱకు పట్టినది. క్యాన్సరున కిచ్చు మోతాదు ఒక్కొక్కచో వందల, వేల మిల్లీగ్రాములుండును. కీళ్ళకు సాధారణముగా వారమునకు ఏడున్నర మొదలు 25 మిల్లీగ్రాములే. మందు పేరొకటే యైనను, ఉప్పు చిటికెడు వేయుటకును మణుగు వేయుటకును నున్నంత భేదము కలదు.

చిన్న మోతాదులోనైనను దాని గుణము దానిదే. శరీరములో నెచ్చట కణములు నిత్యము క్రొత్తవి పుట్టుచుండునో అచ్చటనే దీని కీడు కనబడును. నోటిలోపలి పొర, ప్రేగుల పొర, వెండ్రుకల కుదుళ్ళు, రక్తమును పుట్టించు ఎముకమూలుగ, యివి యట్టివి. ఇది తెలిసినచో దుష్ఫలితముల పట్టికను వల్లెవేయ నక్కఱలేదు. ఏది యెందుకు వచ్చినదో తనంత తానే బోధపడును. ఈ కీడును తగ్గించుటకే వైద్యులు ఫోలిక్ ఆమ్లపు మాత్రలను సూది వేయని దినమున వేసికొమ్మందురు. పాలకూర, తోటకూర తినవచ్చునా యని యొకరు మమ్మడిగిరి. నిరభ్యంతరముగా తినవచ్చును. మద్యము మాత్రము కాలేయమునకు కీడు గనుక మానవలెను. ఇది మగవారికి ఈ సూది పడిన యిండ్లలో మఱి గట్టిగా చెప్పవలసిన మాట.

సామాన్యముగా కనబడునది వికారము. సూది వేసికొన్ననాడును, మఱునాడును అన్నము సహింపదు, డోకు వచ్చినట్లుండును, ఒళ్ళు బరువెక్కి తల నొచ్చును. మాత్రలకన్న సూదిమందు పలువురి కడుపు నంతగా కలతపెట్టదు. పదునైదు మిల్లీగ్రాములు దాటిన మోతాదులలో మాత్రకన్న సూది ఒంటికి చక్కగా నందును. వైద్యులు దీనిని సూదిగా నిచ్చుటకు ఇవియే కారణములు. రాత్రి పండుకొనుటకుముందు వేసికొన్నచో వికారము నిద్రలో గడచిపోవునని కొందఱు స్త్రీలు మాతో చెప్పిరి. మఱునాడు నూనెవేపుడులు మాని, మెత్తని చారన్నము, మజ్జిగ కొంచెము కొంచెముగా పుచ్చుకొనుట సుఖము. సూది గ్రుచ్చినచోట కొంచెమెఱ్ఱబడి దురద పెట్టుట కలదు. ప్రతివారము చోటు మార్చిన నది తగ్గును. జుట్టు కొందఱికి పలుచబడును గాని బోడియగునంత రాలుట అరుదు. మందు తగ్గించిన గాని మానిన గాని తిరిగి వచ్చును. ఈ బాధలు వైద్యునితో చెప్పి సర్దుకొనదగినవి. మందు పనిచేయుట కనబడుటకు ఆఱు మొదలు పండ్రెండు వారములు పట్టును. మూడు సూదులకే గుణము లేదని విసుగుకొని మానినవారు బాధ పడినంతయు పడి, ఫలమునకు ముందే వెనుదిరిగినవారగుదురు.

ఇచ్చట “వారము” అను మాటను గూర్చి యొక్కింత నిలువవలెను. సంస్కృతమున వారమనగా దినము. సోమవారము మంగళవారము అనుచోట మనకును అదియే యర్థము. తెలుగు వాడుకలో ఏడుదినములు కలిసి వారము. ఒక్క మాటకు రెండర్థములున్నచోట మందు వ్రాయుట ప్రమాదము. ఈ మందును వారమున కొకమారు గాక ప్రతిదినము పుచ్చుకొని ప్రాణములు పోగొట్టుకొన్నవారు పలుదేశములలో నున్నారు. మాత్రలలో ఈ పొరపాటు మఱియు సులభము; మెథోట్రెక్సేటు మాత్రయు, ఫోలిక్ ఆమ్లపు మాత్రయు రెండును పసుపుపచ్చగా చిన్నవిగా నుండుట కలదు. కావున చీటీమీద “బుధవారము మాత్రమే” యని ఆ దినము పేరు పూర్తిగా వ్రాయించుకొనుడు. గోడమీది క్యాలెండరులో సూది పడిన ప్రతి బుధవారమును గీత గీయుడు. ఒక సూది మఱచినచో రెండు దినములలోపల జ్ఞప్తికి వచ్చిన వేసికొనవచ్చునని సాధారణ నియమము. అంతకు మించినచో ఆ వారము విడిచి తరువాతి సూదిదినమునే వేసికొనవలెను. మఱచినదానికి బదులు రెండు సూదులు మాత్రము ఎన్నటికిని వేసికొనరాదు.

ఇక ఒక్క దినమైనను దాచరాని లక్షణములు కొన్ని కలవు. నోటిలో పూత లేచి కారము తగిలిన కన్నీరు వచ్చుచున్నచో అది వట్టి వేడిచేసిన పూత యని తేనె రాచి యూరకుండుట పొరపాటు. నోటిపూత మూలుగలోని కష్టమునకు బయటి గుర్తు కావచ్చును. చలిజ్వరము, గొంతునొప్పి, కారణము లేక కమిలిన మచ్చలు, చిగుళ్ళనుండి రక్తము, కన్నులు పచ్చబడుట, తగ్గని వాంతులు విరేచనములు, పొడిదగ్గు, ఆయాసము, వీనిలో ఏది కనబడినను తరువాతి సూది నాపి ఆనాడే వైద్యునకు తెలియజేయవలయును. రక్షకశక్తి యణగియున్నవారికి పెద్ద యంటువ్యాధియు మొదట చిన్న జ్వరముగానే కనబడవచ్చును. వంటయిల్లు కూలునంతవఱకు పడుకొనని స్త్రీలు మనలో చాలమంది. జ్వరము నూఱు దాటినను “ఒళ్ళు కొంచెము వెచ్చగా నున్నది” యని పని చేయుచుందురు. ఈ మందు వేసికొనుచున్న స్త్రీకి ఆ ఓర్పు గుణము కాదు.

మా వీధిలో నొక పెద్దముత్తైదువ ఆఱునెలలుగా ఈ సూది వేయించుకొనుచుండెను. మార్గశిరమాసమున పొడిదగ్గు పట్టినది. మిరియాల కషాయము కాచుకొని త్రాగుచు నెవ్వరితోను అనలేదు. ఒకనాడు కోడలు, “అత్తయ్యగారూ, మేడమెట్ల నడుమ నిలిచిపోవుచున్నారేమి? నిన్నను నిలిచితిరి” అని యడిగెనట. “ఏమీ లేదమ్మా, వయసు” అని యామె యనెను. కోడలు వినలేదు, ఆ సాయంకాలమే చేతిఫోనులో వైద్యునితో మాటాడి బండి కట్టించుకొని పోయినట్లు పోయినది. ఈ మందు అరుదుగా ఊపిరితిత్తులలో వాపు పుట్టించుననియు, దగ్గు దానివలననే యనియు పరీక్షలో తేలినది. సూది యాపి వేఱు చికిత్స చేసిరి. పది దినములకు నిమ్మళించినది. ఆ కోడలు మెట్లమీది యా రెండు నిలుపులను లెక్కపెట్టియుండకపోయినచో నేమయ్యెడిదో!

కాలేయమునకు కలుగు కీడు మొదట నొప్పి లేక, గుర్తు లేక యుండును. తెల్లకణములు తగ్గుటయు అంతే. అందుకొఱకే మొదట కొన్నివారముల కొకమారును, నిలకడ చిక్కిన పిమ్మట రెండు మూడు నెలల కొకమారును రక్తపరీక్ష చేయింతురు. రక్తకణములు, కాలేయము, మూత్రపిండములు మూడింటిని చూతురు. “బాగుగనే యున్నాను, డబ్బెందుకు దండుగ” యని పరీక్ష మానుట యెఱుగక చేయు సాహసము. ఈ మందు మూత్రపిండములద్వారా బయటికి పోవును గనుక, విరేచనములతోగాని మండువేసవిలోగాని నీరు తగ్గినచో లోపల నిలిచిపోయి విషించును. ఏకాదశినాడు నిర్జలోపవాసము చేయు పెద్దలు ఇది తెలిసి, మంచినీరు మానకుండుట మేలు.

ఇతర మందులలో ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసినది ట్రైమెథోప్రిమ్. కోట్రైమోక్సజోల్ అను మాత్రలో నిది చేరియుండును. మూత్రమున మంట యనినచో వ్రాసియిచ్చు పాత మందు. అదియు ఫోలిక్ ఆమ్లపు దారికే యడ్డుపడును. రెండును కలిసినచో మూలుగ యెండిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. ఏ వైద్యునికడకు, పంటివైద్యునికడకైనను పోయినప్పుడు, మందులదుకాణమున ఏ మాత్ర కొన్నప్పుడును “నేను మెథోట్రెక్సేటు వేసికొనుచున్నాను” అని ముందు చెప్పవలెను. నొప్పిమాత్రలను తమంత తాము అదనముగా కొని మ్రింగుటయు మంచిది కాదు.

అత్తవారికి తెలియనీయలేదని వ్రాసిన సోదరికి మేము కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. ఈ మందు గర్భస్థశిశువునకు విషము. గర్భస్రావమగుటయో, శిశువు అవయవలోపములతో పుట్టుటయో జరుగవచ్చును. పాలిచ్చు తల్లియు దీనిని వాడరాదు. బిడ్డ కావలెనన్నచో వైద్యునితో ముందుగా చెప్పి, వారు విధించినన్ని నెలలముందు మందు మాని, గర్భమున కపాయము లేని వేఱు మందునకు మారవలెను. అట్లు మారి చక్కని బిడ్డలను కన్న తల్లులెందఱో యున్నారు. అంతవఱకు గర్భము రాకుండ జాగ్రత్తపడుట తప్పదు. రెండేండ్లయినది, ఇంకను కడుపు పండలేదేమని అత్తగారడుగు కాలమిది. కోడలు సూదిని బీరువాలో దాచుకొని, మొగమున నవ్వు పెట్టుకొని, ఎవరికిని చెప్పక గర్భము ధరించినచో ఆ నష్టము ఎవరు తీర్తురు? అల్లునకు తప్పక చెప్పుడు. అత్తగారికి మీ యల్లుడే చెప్పుట యుక్తము. కీళ్ళవాతము కులమునకు కళంకము కాదు, దాచవలసిన దోషమును కాదు. జ్వరము వచ్చిననాడు తెల్లవారుజామున ఆసుపత్రికి కొనిపోవలసినవారు ఆ యింటివారే కదా! వారికి తెలియని మందునుగూర్చి వారేమి చేయగలరు?

టీకాల మాట క్లుప్తముగా. జీవముగల క్రిములతో చేసిన టీకాలు, పొంగు ఆటలమ్మ టీకాలవంటివి, వైద్యుననుమతి లేక వేయించుకొనరాదు. శీతజ్వరమునకును న్యుమోనియాకును వేయు జీవములేని టీకాలు వేయించుకొనుట మంచిది. నడుముచుట్టును ఒకవైపున పొక్కులు లేచి మండినచో అది అక్కి. అక్కి వ్రాయించుకొందుము గాక, కాని మూడు దినములలోపల వైద్యుని మందుకూడ పడవలెను. ఈ సూదితో గుణము చాలనివారికి అడాలిముమాబ్ మొదలగు క్రొత్తజాతి సూదులు కలవు. అవి మనలో చాలమంది ఒంటిలో నిద్రించుచున్న క్షయక్రిమిని మేలుకొలుపవచ్చును గనుక, మొదటి సూదికి ముందే క్షయపరీక్ష చేయింతురు. ఆ పరీక్ష చేయకయే సూది వేయుదుమన్నచో అడిగి చేయించుకొనుడు.

వాడిన సూదిని చెత్తబుట్టలో వేయుట పారిశుద్ధ్యపు పనివారి చేతులకు ద్రోహము. మూతగల గట్టి ప్లాస్టికు డబ్బాలో వేసి, నిండిన పిమ్మట ఆసుపత్రిలో నొప్పగింపవలెను. మందు ఒలికినచో ఇంటిలోని గర్భిణి దానిని తుడువరాదు.

ఉత్తరమున చివరి ప్రశ్న యిది: “అమ్మాయికి సూది శుక్రవారము పడుచున్నది. శ్రావణ శుక్రవారము వరలక్ష్మీవ్రతమునాడు వేసికొనవచ్చునా?” సూదికిని వ్రతమునకును విరోధమేమియు లేదు. కాని వ్రతమునాడు ఉపవాసముండి, రాత్రి సూది వేసికొని, మఱునాడు వికారముతో నుండుటకన్న దినము మార్చుకొనుటయే సుఖము. మార్చునప్పుడు రెండు సూదుల నడుమ దినములు తగ్గకుండునట్లు ఎట్లు జరుపవలెనో వైద్యునే యడిగి, క్రొత్త దినమును చీటీమీద వ్రాయించుకొనుడు. మీ యమ్మాయి ఆదివారము నెన్నుకొన్నచో, సోమవారము అల్లుడు కచేరీకి పోవుటకుముందు చారు కాచి యిచ్చునేమో యడిగి చూడుడు.